సముద్రములో విడిచిన మూల



లేవీయకాండము 19వ అధ్యాయములో పంట కోయువారికి ఒక కట్టడ ఉన్నది. పొలము అంచులవరకు పూర్తిగా కోయరాదు. ఆ మిగిలినది బీదవానికిని పరదేశికిని చెందును. మనలో చాలామందికి ఇది చిన్ననాటినుండి తెలిసిన సంగతే. అయితే పొలము ఉన్నవాడు మూల విడువగలడు. పడవ, వల తప్ప మరేమీ లేని జాలరిని, "నీవు వేటాడు నీళ్లలో పదియవ వంతు విడిచిపెట్టు, అక్కడ వల వేయకు" అని అడుగుట న్యాయమా? అట్లు అడుగు హక్కు ఎవరికున్నది? ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు. ఫిలిప్పీన్స్ దేశములో నిజముగా అడిగారు.

అక్కడ నీగ్రోస్ ద్వీపమునకు దగ్గరగా ఆపో అను చిన్న ద్వీపము ఉన్నది. చుట్టూ పగడపు దిబ్బలు. 1970ల నాటికి డైనమైటు పేల్చుట, సైనైడు విషము చల్లుట, సన్నకన్ను వలలు లాగుట, దిబ్బలను రాళ్లతో కొట్టి చేపలను వలలోనికి తోలుట, వీటివలన దిబ్బలు చెడి చేప తగ్గిపోయినది. 1979లో డుమగెటె పట్టణమునందలి సిల్లిమన్ విశ్వవిద్యాలయము నుండి ఏంజెల్ అల్కాలా అను జీవశాస్త్ర ఆచార్యుడు ఈ ద్వీపమునకు వచ్చారు. 1901లో ప్రెస్బిటేరియన్ మిషనరీలు ప్రారంభించిన బడియే నేటి ఆ విశ్వవిద్యాలయము.

ఆచార్యుని మాట వినుటకు సులువే. దిబ్బలో ఒక భాగమును అందరికీ, ఎల్లకాలమునకు మూసివేయుడి, అక్కడ పెరిగిన చేప బయటికి పొంగి వచ్చును. దీనిలోని శాస్త్రము బడిపిల్లలకైనను చెప్పవచ్చును. దిబ్బ చేపలలో అనేకము పెద్దవైన తరువాత తమ చోటు విడిచి దూరము పోవు. వాటి పిల్లలు మాత్రము కంటికి ఆననంత చిన్నవిగా ఉన్నప్పుడే ప్రవాహములో కొట్టుకొనిపోయి వేరే దిబ్బలకు చేరును. చాలా జాతులలో తల్లిచేప బరువు రెండింతలైతే గుడ్లు రెండింతలను మించిపోవును. కనుక పెద్ద తల్లులను బ్రతుకనిచ్చు చోటు ఒకటి కావలెను. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, గూడు దొరికినవాడు పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని పోనియ్యవలెనని ఉన్నది గదా! ఆ ఆజ్ఞలో దయ ఒక్కటే కాదు, లెక్క కూడ ఉన్నదని నాకు తోచుచున్నది.

అయితే శాస్త్రము సరియైనంత మాత్రమున అడుగుట న్యాయము కాదు. లాభము రేపటిది, ఆకలి ఈ రాత్రిది. పైగా నేను మానుకొంటే పొరుగువాడు పట్టుకొనిపోడా? ఈ రెండు సందేహములకు జవాబు చెప్పుటకు మూడేండ్లు పట్టినది. దగ్గరలోని సుమిలోన్ ద్వీపములో 1974 నుండి దిబ్బలో సుమారు నాలుగవ వంతు మూసి ఉంచారు. ఆపో జాలరులలో కొందరిని అక్కడికి తీసికొనిపోయి చూపించారు. చివరకు 1982లో ఒప్పుకొన్నవి 14 కుటుంబములు మాత్రమే. వారు 450 మీటర్ల తీరము ఎదుట తమ వేటస్థలములో ఇంచుమించు పదియవ వంతును మూసివేశారు. చోటు వారిదే, కాపలా వారిదే. ఒడ్డున ఒక్క మనిషి కూర్చుండి చూచుచుంటే చాలును. తరువాత తక్కినవారు కలిసినారు. 1985లో మునిసిపాలిటీ దానికి చట్టబలము కలిగించినది. 1983 నుండి 2001 వరకు పరిశోధకులు లెక్కించగా, జాలరులకు ముఖ్యమైన రెండు కుటుంబముల చేపల మొత్తము బరువు మూసిన భాగములో మూడింతలైనది. దాని అంచున గాలము వేసినవారికి దూరమున వేసినవారికంటె మంచి వేట దొరికినది.

మరి సుమిలోన్ ఏమైనది? 1984లో స్థానిక రాజకీయము మారి, కాపలా తొలగిపోయి, మూసిన భాగములో కూడ వేట మొదలైనది. వేటకు మునుపటికంటె ఎక్కువ చోటు దొరికినను, రెండేండ్లు తిరుగకముందే జాలరులకు దొరుకు చేప సగమునకు మించి తగ్గినది. శాస్త్రము రెండు చోట్లా ఒక్కటే, ఆచార్యుడును ఒక్కరే. సుమిలోన్ నియమము విశ్వవిద్యాలయమును, మునిసిపాలిటీయును నిలిపినది. ఆపో నియమము దాని నష్టము భరించువారు తామే చేసికొన్నది. తరగతిలో ఉపాధ్యాయుడు పెట్టిన నియమమునకును, పిల్లలు తామే కూడి పెట్టుకొన్న నియమమునకును గల తేడా ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. కాబట్టి నా మొదటి ప్రశ్నకు జవాబు ఇది: అడుగవచ్చును, కాని అడుగువాడు 'కాదు' అను జవాబును కూడ వినుటకు సిద్ధపడి, మూడేండ్లైనను కూర్చుండవలెను.

అయితే ఇంతటితో ఆపుటకు నా మనస్సాక్షి ఒప్పుట లేదు. ఆపోవారు మరొక పని కూడ చేశారు. మూసిన మూల సంగతి అటుండగా, తక్కిన నీళ్లలో తాము తప్ప బయటి జాలరులు వేటాడకూడదన్నారు. డైనమైటుతో వచ్చినవారిని అడ్డగించుట సరే. కాని బయటి జాలరులందరు డైనమైటు తెచ్చినవారేనా? పొరుగు ఒడ్డున గాలముతో బ్రతుకు బీదవాడు ఆ కూటములలో కూర్చుండలేదు, అతని మాట ఎవరును అడుగలేదు. తనతో కూడ అందరికీ మూసుకొనుట ఒకటి, ఇతరులకు మాత్రమే మూయుట మరొకటి. మొదటిదానిలోని త్యాగమును చూపి రెండవదానిని పవిత్రము చేయరాదు. దానికి వేరుగా న్యాయము చూపవలెను. లేవీయకాండపు మూలలో పరదేశి పేరు కూడ ఉన్నది.

1994లో ఆపోను జాతీయ రక్షిత ప్రాంతముగా ప్రకటించగా, అధికారము ఒక బోర్డు చేతికి వెళ్లినది. తమ సముద్రముపై తమ మాట చెల్లుట లేదని ద్వీపవాసులు బాధపడ్డారు. బయట నిలువబడుట ఎట్లుండునో అప్పుడు వారికిని తెలిసియుండును.

తరతరములుగా పరాయి భాషల నడుమ జీవించు మనకు ఇది దూరపు కథ కాదు. పూరీలోని పెంటకోటలోను, గంజాం తీరములోను మన తెలుగు జాలరులున్నారు. రుషికుల్య నదీముఖము వద్ద ఆలివ్ రిడ్లే తాబేళ్ల కొరకు ఏటేట నవంబరు 1 నుండి మే 31 వరకు వేట నిషేధము. తాబేలును కాపాడుట తగునని నేనును నమ్ముచున్నాను. ఏడు నెలలు పొయ్యి ఎట్లు వెలుగవలెనో చెప్పవలసినవారు వేరు. ఆ తీరపు సంఘముల పెద్దలు, విశేషముగా సముద్రముపై జీవించు కుటుంబముల తల్లులు, తమను ఎవరు ఏమి అడిగారో, తాము అడుగగోరునది ఏమిటో, ఈ పత్రికకు వ్రాయవలెనని కోరుచున్నాను.