లక్ష్మీనగర్‌లో చదువుకుంటున్న బిడ్డకు

నాయనా, ఇల్లూ వాకిలీ విడిచి ఢిల్లీలో వికాస్ మార్గ్ పక్కన ఈ లక్ష్మీనగర్ సందుల్లో తలదాచుకున్నది సీఏ చదువు కోసం. పరీక్ష దగ్గరపడేకొద్దీ నీకు కునుకే శత్రువుగా తోస్తుంది. ఆ అదను కనిపెట్టి, స్నేహితుడనుకున్నవాడే ఒకడు చిటికెడు తెల్లపొడి ఉన్న ప్లాస్టిక్ పొట్లం తీస్తాడు. ‘ఎండీ’ అంటాడు, ‘మ్యావ్ మ్యావ్’ అంటాడు. దాని అసలు పేరు మెఫెడ్రోన్.

1929లోనే రసాయనశాలలో పుట్టిన పదార్థమది. చాలాకాలం మరుగునపడి, ఈ శతాబ్దంలో మళ్లీ తలెత్తింది. మొక్కల ఎరువని చీటీ అంటించి బ్రిటన్‌లో అమ్మారు. 2010లో అక్కడ నిషేధించారు. మన దేశం దాన్ని 2015లో మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికి తెచ్చింది. 2024లో పుణె పోలీసులు తీగ లాగితే డొంక ఢిల్లీలో కదిలింది, వందల కిలోలు పట్టుబడ్డాయి. మరుసటి ఏడు మన చర్లపల్లిలోనే తయారీ గుట్టు రట్టయింది. పరాయి ఊరి పాపమని మొహం తిప్పుకునే వీలు తెలుగువాడికి లేదు.

ఆ పొడి కొత్త బలమేమీ ఇవ్వదు. మెదడులోని డోపమైన్‌ను, సెరటోనిన్‌ను ఒక్కసారిగా కుమ్మరింపజేస్తుంది. విత్తనాల గింజలు వండుకు తినే ఇంటి సంబరం లాంటిది ఆ హుషారు. రెండు మూడు గంటల్లో దిగిపోతుంది, మళ్లీ కావాలంటుంది. గుండె దడదడలాడుతుంది, ఒళ్లు సలసల కాగుతుంది, దవడలు బిగిసి పళ్లు పటపట నూరుకుంటాయి. తెల్లవారేసరికి పుస్తకం ఒళ్లోనే ఉంటుంది, చదివినదేదీ తలలో ఉండదు. ఎవరో వెంటాడుతున్నారన్న భ్రమ పట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

చట్టం మాటా విను. ‘నాది కాదు, దాచమన్నాడు’ అన్నంత మాత్రాన బయటపడలేవు. రెండు గ్రాముల లోపు దొరికినా ఏడాది దాకా జైలు. అది దాటితే పదేళ్ల దాకా. యాభై గ్రాములు మించితే పదేళ్లకు తక్కువ పడదు, ఇరవై దాకా పోవచ్చు. పొడిలో సగం పిండే కదా అని వాదించకు: కల్తీతో కలిపి మొత్తం తూకమే లెక్కని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఆడిటర్ కావలసినవాడివి, ఈ లెక్క నీకు ఒకరు చెప్పాలా?

ఇప్పటికే చెయ్యి పెట్టి ఉంటే, సిగ్గుతో నలిగిపోకు. అదే చట్టంలోని 64ఏ సెక్షన్, కొద్ది పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వచ్చి, దాన్ని పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. ఎయిమ్స్ వారి వ్యసన చికిత్సా కేంద్రం పక్కనే, ఘజియాబాద్‌లో ఉంది. 14446కు ఫోన్ చెయ్యి, డబ్బు ఖర్చు లేదు. నాన్నతో చెప్పడానికి నోరు రాకపోతే ముందు అక్కతో చెప్పు.