చలిచావు దైవికమా, మానుషమా?

మనుజుని తాపములను సాంఖ్యులు మూడు తెగలుగా విభజించిరి. తన దేహమనస్సులనుండి పుట్టునవి ఆధ్యాత్మికములు. ఇతర ప్రాణులవలన వచ్చునవి ఆధిభౌతికములు. శీతోష్ణ వాత వర్షాదులవలన వచ్చునవి ఆధిదైవికములు. ఈ విభాగమునుబట్టి చలికి మరణించినవాని విషయమున మనుష్యులలో ఉత్తరవాది ఎవ్వడును లేడు. ఈ నిర్ణయము నేటికిని చెల్లునా యని మేము విచారింపదలచితిమి.

1709వ సంవత్సరము జనవరిలో ఫ్రాన్సుదేశమున ఘోరమైన చలి పడెను. నదులు గడ్డకట్టెను, గోధుమపైరు నశించెను, వెంటనే కరవు వచ్చెను. ఆ రెండేండ్లలో సాధారణముకంటె సుమారు 6 లక్షలమంది అధికముగా మరణించిరని చరిత్రకారుల యంచనా. రాబోవు చలిని ముందుగా తెలిసికొను సాధనము ఆనాటివారికి లేదు. కట్టెలు దొరికినంతవరకు ఎవరి నెగడు వారి చేతిలో నుండెను. అంతకుమించిన యుపాయము వారెరుగరు.

ఇక 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున జరిగినది చూడుడు. మన తెలుగువారు వేలకొలది నివసించు డల్లాసు నగరమున చలి సున్నకు దిగువ 19 సెంటిగ్రేడు డిగ్రీలవరకు పోయెను. విద్యుత్కేంద్రములును, వానికి ఇంధనవాయువు నందించు యంత్రములును గడ్డకట్టుటచే 45 లక్షల గృహములలో దీపములు ఆరిపోయెను. ప్రభుత్వపు లెక్క ప్రకారమే 246 మంది మరణించిరి. వారిలో అత్యధికులు చలిచేతనే. మూసిన యిండ్లలో వెచ్చదనమునకై బొగ్గులు రాజేసికొని విషవాయువు పీల్చినవారును గలరు.

ఇది ఎరుగని విపత్తు కాదు. 2011లో అచ్చటనే యిట్టి చలివచ్చి విద్యుత్తు నిలిచెను. యంత్రములకు చలిరక్షణ కల్పింపవలెనని విచారణ నివేదిక ఆ యేడే చెప్పెను. ఆ సలహా నిర్బంధము కాలేదు. 2021లో ఇందరు పోయిన తరువాతనే దానికి శాసనరూపము కలిగెను.

అరుదుగా వచ్చు చలికై అంత వ్యయమేల యని కొందరడుగుదురు. ప్రశ్న యుక్తమే. కాని ధనము మిగుల్చుకొన్నవా డొకడును, ప్రాణము కోల్పోయినవాడు వేరొకడును అయినచో దానిని పొదుపనుట ధర్మమా? నేటివాడు తీగను నమ్మి నెగడును విడిచెను. అట్లు నమ్మించినవానికి ఆ నెగడు ఋణముగా సంక్రమించినది.

కావున తాపముల యెల్లలు స్థిరములు కావు. ఉపాయము తెలియనంతవరకు చలిచావు ఆధిదైవికము. తెలిసి, శక్తియుండి, ఊరకున్ననాడు అదియే ఆధిభౌతికము. విద్య పెరిగినకొలదియు దైవముపై మోపదగిన భారము తగ్గుచు, మనపై పెరుగుచుండును. ఇకమీద చలికి ఒకడు మరణించెనని విన్నప్పుడు విధిని దూరుటకు ముందు, తెలిసియు చేయనివారెవరని విచారించుట మన కర్తవ్యము.