బాణలి పెట్టని ఇంట క్రిస్మస్

పండుగ నాడు కంటనీరు పెట్టకూడదంటారు. ఇల్లు కడిగి, కొత్తబట్టలు కట్టిన రోజున ఏడిస్తే ఏడాదంతా ఏడుపే అని మా అవ్వ కూడా అనేది. అయితే చావు జరిగిన ఇంటికి పండుగ వచ్చినప్పుడు ఏం చెయ్యాలి? హిందూ సోదరుల ఇళ్లలో ఈ ప్రశ్నకు ఆచారమే జవాబు చెబుతుంది. ఏడాది తిరిగేదాకా ఆ ఇంటికి పండుగ లేదు. క్రైస్తవ కుటుంబాల్లో జవాబు అంత తేలిక కాదు. మైల అనేది లేదని బోధ చెబుతుంది. మనసు మాత్రం ఉందంటుంది. ఈ రెంటి మధ్య నిలబడి 2019 డిసెంబరులో నేను పడిన సతమతం ఇక్కడ రాస్తున్నాను. ఇది ఒక్క ఇంటి సంగతే గాని, ప్రశ్న చాలా ఇళ్లది.

మాది కోలారు బంగారు గనుల ఊరు, కె.జి.ఎఫ్. 1880 తర్వాత గనుల పని ఊపందుకున్నప్పుడు తమిళనాడు వైపు నుంచీ చిత్తూరు వైపు నుంచీ వేలమంది కూలికి వచ్చారు. మా ముత్తాత వాళ్లలో ఒకడు. గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, చివరికి 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి. ఊళ్లో పని పోయింది, ఇళ్లు మిగిలాయి. తెల్లవారుజామున మారికుప్పం నుంచి కదిలే రైళ్లలో వేలమంది బెంగళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగొస్తారు. మా తమ్ముడూ అంతే. అయినా డిసెంబరు వచ్చిందంటే మా లైన్లలో ఇంటింటికీ నక్షత్రం వేలాడుతుంది. మా ఇంటి నక్షత్రం అమ్మ పని. వెదురు బద్దలు నాయన కట్టి ఇచ్చేవాడు, మైదా జిగురు కాచి రంగు కాగితం అమ్మ అంటించేది. రాత్రి షిఫ్టు దిగి వచ్చే నాయనకు వీధి మొదట్లోనే అది కనిపించాలని ఎత్తుగా కట్టించేది.

ఆ ఏడు అక్టోబరులో అమ్మ పోయింది. డిసెంబరు మొదటి వారంలో తమ్ముడి పిల్లలు అటక మీంచి నక్షత్రం దింపారు. నాయన చూసి, "ఈ ఏడు మనకు పండుగ లేదు, ఎత్తిపెట్టండి" అన్నాడు. ఆయనకు అప్పటికి ఎనభై రెండేళ్లు. ముప్పై ఏళ్లు భూమి అడుగున పనిచేసిన మనిషి, మాట తక్కువ. "పిల్లలేం పాపం చేశారు నాయనా?" అన్నాడు తమ్ముడు. నాయన బదులు చెప్పలేదు. పెద్దకొడుకుని కాబట్టి ఇద్దరూ నా మొహం చూశారు. నేనూ ఏమీ చెప్పలేకపోయాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. "అమ్మగారు ప్రభువు దగ్గరున్నారు. విశ్వాసి ఇంట్లో దుఃఖమేమిటి? నక్షత్రం కట్టండి, నలుగురికీ సాక్ష్యంగా ఉంటుంది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. అయినా ఆ మాట నాకు ముల్లులా దిగింది. అంటే నేను ఏడిస్తే నా విశ్వాసం తక్కువైనట్టా? అమ్మ లేని లోటు నాకు తెలియకుండా ఉంటేనే నేను క్రైస్తవుణ్ణా?

ఆ రాత్రి అమ్మ బైబిలు తీశాను. మేము బడిలో కన్నడం చదివాం, వీధిలో తమిళం మాట్లాడాం. మాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఈ పుస్తకమూ, దాని పక్కనుండే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమూ. వీపు ఊడిపోతే అమ్మ దారంతో కుట్టుకుంది. యేసు పుట్టుక కథ చెప్పినవాళ్లు ఇద్దరే, మత్తయి, లూకా. ఆ అధ్యాయాలు నాకు కంఠతా వచ్చుననుకున్నాను. ఆ రాత్రి చదువుతుంటే, ఏళ్ల తరబడి నేను దాటేసిన చోట్లు కనిపించాయి.

మా గుడి నాటికలో హేరోదు ఉంటాడు. అట్టకిరీటం పెట్టుకొని గట్టిగా అరుస్తాడు, పిల్లలు నవ్వుతారు. ఆ తర్వాత జరిగింది మాత్రం ఎవరూ ఆడరు. బేత్లెహేములో రెండేళ్లలోపు మగబిడ్డలను చంపించిన సంగతి మత్తయి రాశాడు. రాసి, యిర్మీయా ప్రవక్త చెప్పిన రాహేలును తలచుకున్నాడు. బిడ్డలు పోయిన ఆ తల్లి ఓదార్పు వద్దంటుంది. నన్ను ఆపింది అదే. ఓదార్పును కాదన్న ఒక తల్లి క్రిస్మస్ కథ నడుమనే కూర్చుని ఉంది. మత్తయి ఆమెను మందలించలేదు, విశ్వాసం లేదనలేదు. ఆమె ఏడుపును ఉన్నదున్నట్టు రాసి పక్కకు తప్పుకున్నాడు. కొన్ని సంఘాల కాలండరులో డిసెంబరు 28 ఆ పసిబిడ్డల జ్ఞాపకదినం. పండుగయిన మూడో నాడే.

లూకా చెప్పింది ఇంకోటి. దేవాలయంలో ముసలి సుమెయోను పసివాణ్ణి చేతుల్లోకి తీసుకొని దీవించి, ఆ వెంటనే తల్లితో నీ ప్రాణంలోకి ఒక ఖడ్గం దూసుకుపోతుందన్నాడు. బాలింతరాలితో అనవలసిన మాటేనా అది? మరియ ఎదురు చెప్పలేదు, వివరం అడగలేదు. జరిగినవాటిని ఆమె మనసులో భద్రం చేసుకున్నదని లూకా ఒకే అధ్యాయంలో రెండుసార్లు చెబుతాడు. సంతోషమూ భయమూ ఒక్కసారే వచ్చిపడితే ఆమె ఒకదాన్ని ఉంచుకొని రెండోదాన్ని బయటికి నెట్టలేదు. రెంటికీ లోపల చోటిచ్చింది.

ఇక దుఃఖానికీ విశ్వాసానికీ వైరముందా అన్న ప్రశ్న. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా అతని సమాధి దగ్గర యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఇంకాసేపట్లో అతను బతికి వస్తాడని తెలిసినవాడే ఏడ్చాడంటే, ఎప్పుడు కలుస్తామో తెలియని మనం ఏడవడం తప్పెలా అవుతుంది? పౌలు థెస్సలొనీక సంఘానికి రాసినదీ దుఃఖపడవద్దని కాదు, ఆశలేనివాళ్లలాగ దుఃఖపడవద్దని. ఆ తేడా చిన్నది కాదు. ఆశ ఉన్నవాడికీ దుఃఖం ఉంటుంది. కాకపోతే అందులో అతను మునిగిపోడు.

ఇంతవరకు వచ్చేసరికి సంఘ పెద్దకు జవాబు దొరికిందని లోలోపల సంతోషించాను. ఆ సంతోషంలోనే నా తప్పూ తెలిసింది. ఆ పదిరోజులూ నేను ఎవరింట్లో నవ్వు వినిపించినా ముఖం ముడుచుకున్నాను. క్యారల్స్ సాధన చేసే కుర్రాళ్ల డ్రమ్ము చప్పుడు వింటే కోపం వచ్చేది. మా ఇంట చావు జరిగింది కాబట్టి వీధంతా గొంతు తగ్గించాలని నాకు తెలియకుండానే కోరుకున్నాను. అమ్మ మీది ప్రేమలోకి ఎప్పుడో నా అహం కూడా వచ్చి చేరింది. సంతోషించేవాళ్లతో సంతోషించమనీ, ఏడ్చేవాళ్లతో ఏడవమనీ పౌలు రోమా సంఘానికి ఒకే ఊపిరిలో చెప్పాడు. సంఘ పెద్ద రెండో సగం మరిచాడు, నేను మొదటి సగం మరిచాను. తమ్ముడి చిన్నకూతురికి ఏడేళ్లు. నానమ్మ పోయిన దుఃఖం దానికీ ఉంది. నక్షత్రం మీద ఆశా ఉంది. ఒకటి నిజమని రెండోది అబద్ధం కాదుగదా.

చిక్కు విప్పింది నేను కాదు. 23వ తేదీ సాయంత్రం పక్కింటి తమిళావిడ వచ్చింది. మేము అత్తా అని పిలుస్తాం. అమ్మకు నలభై ఏళ్ల స్నేహితురాలు, రోజూ దీపం పెట్టుకునే భక్తురాలు. స్టీలు తట్టనిండా మురుకులు, అతిరసాలు, పైన తెల్లటి గుడ్డ. "మీ ఇంట్లో ఈ ఏడు బాణలి పెట్టరు గదా అన్నా. బిడ్డలున్న ఇల్లు, ఉత్తగా ఉండకూడదు" అంది నాయనతో, తన తమిళ తెలుగులో. చావు జరిగిన ఇంట్లో పిండివంట చెయ్యరు, అయినవాళ్లు చేసి తెచ్చి ఇస్తారు. ఆ ఆచారం మాకు తెలియనిది కాదు. దానిలో ఉన్న అర్థం మాత్రం నాకు ఆ రోజే తట్టింది. ఆ ఇంటికి పండుగ లేదని ఆచారం అనడం లేదు. పండుగ చేసుకునే బరువు ఆ ఇంటి మీద లేదంటున్నది. ఆ బరువు ఇరుగుపొరుగు మోస్తారు. ఏడ్చేవాళ్లను ఏడవనిస్తారు, పిల్లలను పస్తుపెట్టరు.

నాయన తట్ట అందుకొని చాలాసేపు ఊరకే కూర్చున్నాడు. తర్వాత ఒక మురుకు విరిచి చిన్నదాని చేతిలో పెట్టి, "రేపు నక్షత్రం కట్టుకో. బయట వద్దు, నానమ్మ గదిలో" అన్నాడు.

24వ తేదీ రాత్రి క్యారల్స్ కుర్రాళ్లు వచ్చారు. మా గడపకు నక్షత్రం లేకపోవడం చూసి డ్రమ్ము ఆపి, సందు మొదట్లో నిలబడ్డారు. ఒకడు వచ్చి, "తాతా, రావచ్చా?" అని అడిగాడు. "రండి. డ్రమ్ము మాత్రం వద్దు" అన్నాడు నాయన. వాళ్లు వాకిట్లో నిలబడి, లోకమంతా 'సైలెంట్ నైట్' అని పిలుచుకునే పాటను తెలుగులో మెల్లగా పాడారు. ఆ పాట పుట్టిన కాలమూ కష్టకాలమే. ఐరోపాలో ఏళ్ల తరబడి సాగిన యుద్ధాలు అప్పుడే ముగిశాయి. 1816లో వేసవే సరిగా రాక చాలాచోట్ల పంటలు పోయాయి. ఆ ఏడే ఆస్ట్రియాలో జోసెఫ్ మోర్ అనే యువ పాదిరి దాన్ని రాశాడు. గ్రూబర్ రాగం కడితే 1818 క్రిస్మస్ ముందు రాత్రి తొలిసారి పాడారు. కడుపు నిండినవాళ్ల నిశ్శబ్దం కాదది. పాట అయ్యాక కుర్రాళ్లు ఎవరూ ఏమీ అనలేదు. నాయన చెయ్యెత్తి దీవించాడు. లోపలి గది కిటికీలోంచి ఎర్రటి వెలుతురు వాకిట్లో పడుతోంది.

ఆ రాత్రి నాకు ఒక తెలుగు మాట తోడయింది, సమాధానం. మామూలు తెలుగులో దానికి అర్థం జవాబు. బైబిలు తెలుగులో అర్థం శాంతి. గొల్లలకు దూతలు చెప్పిన వార్తలో భూమి మీదికి దిగివచ్చినదీ సమాధానమే. మన పక్కనున్న కన్నడిగులు 'సమాధాన' చెయ్యడమంటే ఓదార్చడమంటారు. సరిహద్దుల్లో బతికే మనకు ఈ అర్థాలన్నీ ఒకేసారి వినిపిస్తాయి. అమ్మ ఎందుకు పోయిందని అడిగితే నాకు మొదటి అర్థంలో సమాధానం దొరకలేదు. ఇప్పటికీ లేదు. మిగతా రెండు అర్థాల్లో దొరికింది. జవాబు దొరికితేగాని ఓదార్పు ఉండదని నేను అనుకుంటూ వచ్చాను. పశువుల తొట్టిలో పడుకోబెట్టిన ఆ పసివాడు కూడా ఎవరి ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. మనుషుల మధ్యకు వచ్చాడు, అంతే. తట్ట తెచ్చిన అత్తా జవాబు తేలేదు. వచ్చి కూర్చుంది.

కొన్ని దేశాల్లో డిసెంబరు 21 ప్రాంతంలో, ఏడాదిలోకెల్లా పొడవైన రాత్రి, అయినవాళ్లను పోగొట్టుకున్నవారి కోసం గుళ్లలో నెమ్మదైన ప్రార్థన జరుపుతారు. మన సంఘాల్లోనూ అటువంటిది ఉంటే మంచిదే. లేకపోయినా దిగులు లేదు. మనకు తట్ట ఉంది.

2022లో అత్త కాలం చేసింది. ఆ దీపావళికి వాళ్లింట దీపాలు లేవు, బాణలి పెట్టలేదు. మా ఇంట్లో మురుకులు చేశారు. నేను తీసుకుపోతానంటే నాయన వినలేదు. తట్ట మీద తెల్లటి గుడ్డ కప్పుకొని, కర్ర ఊతంగా ఆ నాలుగు అడుగులూ తానే నడిచి వెళ్లి, వాళ్ల అరుగు మీద చీకటి పడేదాకా కూర్చుని వచ్చాడు.