ఒక్కనాటి ఉపవాసము

నిత్యము సంధ్య వార్చనివాడు, గుడి గడప త్రొక్కనివాడు, ఏడాదికొక్కనాడు ఉపవసించినచో ఆ ఉపవాసమునకు విలువ గలదా? ఈ ప్రశ్న మా పర్చూరు ప్రాంతమువారికి క్రొత్తది కాదు. మిరపకోతలు ముమ్మరముగా సాగుచు, కళ్ళములో ఎండబోసిన కాయపై మబ్బునీడ పడిన చాలు గుండె గుభేలుమను దినములలోనే మహాశివరాత్రి వచ్చును. ఏడాది పొడవునా శివుని ఊసెత్తని రైతు నాడు కోత మాన్పించి, ప్రభ వెంట కోటప్పకొండ త్రోవ పట్టును. నిష్ఠాపరులు దీనిని మొక్కుబడి భక్తియని చప్పరింతురు. నాకట్లు తోచదు.

ఈ విచారమున నాకు శాండీ కోఫాక్స్ స్మృతికి వచ్చును. 1935లో న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో యూదుల ఇంట జన్మించి, డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టున ఎడమచేతితో బంతి విసరుటలో సాటిలేనివాడని పేరొంది, 1965లో ఒక్క సీజనులోనే 382 స్ట్రైకౌట్లు సాధించి, ఆ సెప్టెంబరు 9న చికాగో కబ్స్ ఆటగాండ్రలో ఒక్కనినైనను తొలి బేసు చేరనీయని ఈ మహావీరుడు, ఆచారపరాయణుడేమియు కాడు. అయినను, ఆ అక్టోబరు 6న వరల్డ్ సిరీస్ మొదటి ఆట యోమ్ కిప్పూర్ నాడు, అనగా యూదుల ప్రాయశ్చిత్త దినమున, పడగా అతడు బంతి ముట్టలేదు. అతనికి బదులు విసరిన డ్రైస్‌డేల్ చిత్తుగా దెబ్బతిని మైదానము వీడుచు, నేనును యూదుడనైన బాగుండెనని ఇప్పుడనుకొనుచుందువు కాబోలునని మేనేజరు ఆల్‌స్టన్‌తో పరిహాసమాడెనట! జట్టు 8-2తో ఓడెను. అక్టోబరు 14న, కీళ్ళవాతముతో వాచు మోచేతితో, రెండు దినముల విశ్రాంతి మాత్రమే పొంది, కోఫాక్స్ ఏడవ ఆటను 2-0తో గెలిపించెను.

లోకము దీనిని మహాత్యాగమని కీర్తించినది. అతడు మాత్రము మరుసటి ఏట వెలువడిన స్వీయచరిత్రలో, ఆ దినమున ఆడుటయను ప్రసక్తియే లేనందున నిర్ణయింపవలసినదేమియు లేకపోయెనని వ్రాసికొనెను. ఈ మాట నాకు ఎంతయో ఇంపైనది. సందేహము లేనిచోట త్యాగమెక్కడిది? అది శీలము. మన రైతు శివరాత్రియు అట్టిదే. తాత చేసెను, తండ్రి చేసెను, తాను చేయును. లాభనష్టముల త్రాసున దానిని తూచడు.

అయితే చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెములో, తాము ఇశ్రాయేలు గోత్రమైన ఎఫ్రాయీము సంతతివారమని నమ్మి, క్రైస్తవము వీడి యూదధర్మమునవలంబించిన తెలుగు కుటుంబములు కొన్ని గలవు. బెనె ఎఫ్రాయీమనునది వారి పేరు. వారిలో పలువురు రెక్కాడినగాని డొక్కాడని వ్యవసాయ కూలీలు. శనివారము సబ్బాతు పాటించుటయనగా ఆనాటి కూలి వదలుకొనుటయే. కోఫాక్స్ ఒక ఆట మానినను అతని స్థానము చెక్కుచెదరలేదు, జట్టువారు అతని మాట మన్నించిరి. శనివారము కాయకోతకు రానన్న కూలికి సోమవారము పని చూపవలెనని ఏ ఆసామికిని నియమము లేదు. కోఫాక్స్‌కు లేని యోచన ఇతనికి ప్రతి శుక్రవారమును తప్పదు. ఒకవారము నెగ్గి, ఒకవారము ఓడి చేనికి పోయినను, నేను పైన నిరాకరించిన ఆ త్యాగమను మాట నిజముగా వర్తించునది ఇతనికే.