మోయాబు కోడలి దరఖాస్తు

వాక్యభాగము: రూతు గ్రంథము 3, 4 అధ్యాయములు, ఎఫెసీయులకు 2:11–22



ఈ నెల మేము మీ యెదుట ఉంచగోరునది ఒక దరఖాస్తు సంగతి. దరఖాస్తులో ప్రసంగమేమున్నదని మీరనవచ్చును. బడిపంతులుగా పనిచేసిన దినములనుండి రేషను కార్డు మొదలుకొని పింఛను కాగితములవరకు ఎందరివో ఫారములు మా చేతిమీదుగా పూర్తియైనవి. వాటిలో ఏదియు మమ్మును మోకాళ్లమీదికి తీసికొనిపోలేదు. ఈ ఒక్కటి తీసికొనిపోయినది.

మన సంఘములో ఒక కోడలున్నది. ఆమె రంగూనులో తెలుగు విశ్వాసుల ఇంట పుట్టినది. ఆమె పూర్వికులు మన తీరమునుండి ఓడలలో బర్మాకు కూలిపనికి పోయినవారు. 1942లో జపానువారి యుద్ధ సమయమున ఎందరో తెలుగువారు కాలినడకను అడవులు దాటి తిరిగి వచ్చిరి. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వము ఏర్పడిన తరువాత మరికొందరు వచ్చిరి. మన సంఘములలోని కొన్ని కుటుంబములు అట్లు వచ్చినవే. ఈమెవారు మాత్రము అక్కడనే నిలిచిపోయిరి. పది సంవత్సరముల క్రిందట మన సంఘపు యౌవనస్థుడొకడు ఆమెను వివాహమాడి ఇక్కడికి తెచ్చుకొనెను. ఆమె మన భాష మాటలాడును, మన కీర్తనలు పాడును. అయినను ఆమె చేతిలోనిది మయన్మారు పాస్‌పోర్టు. ఏటేట నివాస అనుమతి పొడిగించుకొనుచు, ఈ దేశములో అతిథివలె ఉన్నది.

ఆమె భర్తకు గుండె జబ్బు బయటపడినది. ఆపరేషను చేయవలెనని వైద్యులు చెప్పిరి. ఆ సాయంత్రమే అతడు కాగితముల సంచి పట్టుకొని మా యింటికి వచ్చెను. "మాస్టారూ, నాకేమైనా అయితే దీని గతి ఏమిటి? పిల్లలు ఈ దేశపు పిల్లలు, తల్లి వేరే దేశపు మనిషి. ఈ దరఖాస్తు వెంటనే పెట్టాలి" అనెను. భార్య తలుపునొద్ద నిలిచియుండెను.

ప్రియులారా, ఈ దరఖాస్తునకు ఆధారము 1955 నాటి పౌరసత్వ చట్టము. ఆ చట్టము ప్రకారము పౌరసత్వము జన్మమువలన కలుగును, తలిదండ్రుల వంశమువలన కలుగును, నమోదువలన కలుగును, దీర్ఘకాల నివాసముచేత కలుగును. ఒక భూభాగము దేశములో కలిసినప్పుడు అక్కడివారికిని కలుగును. యానాములోని మన సహోదరులకు ఈ కడపటిది తెలిసినదే. 1962 ఆగస్టు 16న పుదుచ్చేరితోకూడ యానాం చట్టరీత్యా మన దేశములో చేరినప్పుడు, అక్కడి పెద్దలు అట్లే భారత పౌరులైరి. ఈ దేశపు పౌరుని వివాహమాడినవారికి ఉన్నది నమోదు మార్గము. మొదట ఇది స్త్రీలకు మాత్రమే ఉండెను. 1986 సవరణతో పురుషులకును తెరువబడినది. వివాహమైనంత మాత్రమున పౌరసత్వము రాదు. ఏడు సంవత్సరములు ఇక్కడ నివసించియుండవలెను. ఆ లెక్క ఇట్లున్నది: దరఖాస్తుకు ముందు పండ్రెండు నెలలు ఎడతెగక ఇక్కడ ఉండవలెను, దానికి ముందటి ఎనిమిది సంవత్సరములలో కనీసము ఆరు సంవత్సరములు ఉండవలెను. పండ్రెండు నెలల నియమములో ప్రత్యేక కారణమున్నయెడల ముప్పది దినములవరకే ప్రభుత్వము సడలింపు ఇయ్యగలదు.

మేము కాగితములు ఒక్కొక్కటిగా పరచి చూచితిమి. పాస్‌పోర్టు, నివాస అనుమతి, భర్త పౌరుడని చూపు పత్రము, వివాహ ధ్రువపత్రము అన్నియు ఉన్నవి. ఒక చిక్కు పేరులో వచ్చినది. బర్మావారికి ఇంటిపేరు ఉండదు. పాస్‌పోర్టులో ఆమెది బర్మా పేరు, సంఘపు వివాహ రిజిస్టరులో బైబిలు పేరు. అది అఫిడవిట్టుతో సరిపోవు చిక్కు. రెండవది అట్టిది కాదు. ఆమె తల్లి జబ్బు పడినప్పుడు ఈమె రంగూనుకు పోయి, నాలుగు నెలలుండి, తల్లిని సమాధి చేసి వచ్చినది. వచ్చి ఎనిమిది నెలలే అయినది. పండ్రెండు నెలలు నిండుటకు ఇంకను నాలుగు నెలలు కావలెను.

అంతకుముందే ఒక బ్రోకరు వారికి దారి చూపియుండెను. "ఆ ప్రయాణం రాయకండి. స్టాంపులు ఎవరు లెక్కపెడతారు? భర్త జబ్బు మనిషి కదా, దేవుడు అర్థం చేసుకుంటాడు" అని చెప్పెనట. ఆ యౌవనస్థుడు మా ముఖము చూచి, "ఏం చేయమంటారు మాస్టారూ?" అని అడిగెను.

మేము దాచక చెప్పుచున్నాము. ఆ రాత్రి మేమేమియు చెప్పలేదు. రేపు చూతమని వారిని పంపివేసితిమి. మా మౌనమును జాలి అనుకొంటిమి. తెల్లవారి ప్రార్థనలో దానికి వేరొక పేరున్నదని ఆత్మ మాకు తెలియజేసెను. అది భయము. నిజము వ్రాయుమని చెప్పి, ఈ నాలుగు నెలలలో ఆ బిడ్డకేమైన జరిగినయెడల సంఘమంతయు మమ్మును నిందించునని మేము భయపడితిమి.

ఆ ఉదయమున మేము రూతు గ్రంథము తెరచితిమి. రూతు ఒక పౌరుని విధవరాలుగా వచ్చిన పరదేశి. అత్తను విడువక, నీ జనము నా జనమని, నీ దేవుడు నా దేవుడని ఆమె ఒట్టుపెట్టుకొనిన సంగతి మనకు కంఠస్థము. అయితే బేత్లెహేము చేరిన తరువాతకూడ ఆమెను మోయాబీయురాలనియే పిలుచుచుండిరి. ఆ మాట ఆ చిన్న గ్రంథములో మరల మరల వచ్చును. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయమును బట్టి చూచినను మోయాబీయులకు సమాజములో చోటులేదు.

అట్టి రూతు రాత్రివేళ బోయజు పాదములయొద్దకు వచ్చినప్పుడు అతడేమి చెప్పెనో గమనించుడి. ఆమెను చేర్చుకొనుటకు అతనికి మనస్సున్నది. కాని తనకంటె సమీపమైన బంధువుడు ఒకడున్నాడని ఆమెతో అప్పుడే చెప్పివేసెను. ఆ సంగతి ఆమె అడుగలేదు. దాచియుంచిన యెడల ఆ రాత్రి అతనికి మేలుగానే ఉండెడిది. చెప్పినందున ఆమె చేజారిపోవచ్చును. అయినను అతడు తెల్లవారగానే పురద్వారమునకు పోయి, ఆ బంధువుని పిలిచి, పదిమంది పెద్దలను కూర్చుండబెట్టి, సంగతి అంతయు బయట పెట్టెను. ఆ బంధువుడు తన హక్కు విడిచిన తరువాతనే బోయజు ఆమెను చేపట్టెను. పెద్దలు సాక్షులమని పలికిరి. తనకు అడ్డుగానున్న నిజమును అతడు తానే ముందు పెట్టినందున, ఆ వివాహమును తరువాత ఎవరును ప్రశ్నింపలేకపోయిరి. ఆ మోయాబీయురాలి గర్భమున ఓబేదు పుట్టెను. అతని మనుమడు దావీదు. మత్తయి సువార్త మొదటి అధ్యాయములో రూతు పేరు మన రక్షకుని వంశావళిలో నిలిచియున్నది.

ఆ దినము మేము వారింటికి పోయి ఈ భాగము చదివితిమి. చట్టము సంగతియు చెప్పితిమి. మోసముచేత గాని, ముఖ్య సంగతి దాచుటచేత గాని పొందిన పౌరసత్వమును ప్రభుత్వము పదవ సెక్షను క్రింద తిరిగి తీసికొనవచ్చును. తెలిసి అబద్ధము వ్రాసినవారికి పదిహేడవ సెక్షను క్రింద అయిదు సంవత్సరములవరకు చెర, లేక యాబదివేల రూపాయలవరకు జరిమానా, లేక రెండును పడవచ్చును. భర్త లేని దినమున ఆమెకు నీడగా ఉండవలెనని సంపాదించు కాగితమే ఆ దినమున ఆమెమీద నేరమై నిలుచును.

ఆ సహోదరి అంతవరకు మాటలాడలేదు. అప్పుడు మెల్లగా, "ఆ నాలుగు నెలలు లేవని రాస్తే, మా అమ్మ చావు లేదని రాసినట్టే కదా మాస్టారూ. నేను రాయలేను" అనెను. మేము ప్రసంగించుటకు పోయితిమి. ప్రసంగము ఆమె చేసెను.

ప్రియులారా, ఇందులో మనకు మూడు పాఠములున్నవి.

మొదటిది, బంధము తలుపు తెరచును. అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయములో సహస్రాధిపతి చాల ద్రవ్యమిచ్చి పౌరసత్వము కొనుక్కొంటిననెను. పౌలు పుట్టుకతోనే పౌరుడననెను. దేవుని రాజ్యమునకు మనము పుట్టుకచేత హక్కుదారులము కాము, కొనుటకు మనయొద్ద ద్రవ్యమును లేదు. సంఘము క్రీస్తునకు వధువు. పెండ్లికుమారుడు ఆ రాజ్యపువాడు గనుక వధువునకు అక్కడ చోటు దొరికినది. పరదేశులమైన మనము పరిశుద్ధులతో ఒకే పట్టణపువారమైతిమని పౌలు ఎఫెసు సంఘమునకు వ్రాసినది ఇందునుబట్టియే.

రెండవది, తెరచిన తలుపులోనికి సత్యముతోనే పోవలెను. పెండ్లికుమారుని ప్రేమ ఉన్నదిగదా అని మన జీవితపు ఫారములో కొన్ని గడులు ఖాళీగా విడువరాదు. తాను అన్నియు ఎరిగినవాడైనను మన నోట ఒప్పుకోలు వినగోరుచున్నాడు. మన నాలుగు నెలలు ఏవో మనలో ప్రతివానికి తెలియును.

మూడవది, ప్రమాణము ఒక్కరికే. ఈ దేశములో ద్వంద్వ పౌరసత్వము లేదు. దరఖాస్తు అంగీకరింపబడినయెడల పాత పౌరసత్వము విడిచిపెట్టెదనని ఆమె వ్రాసి యియ్యవలెను. మన రాజ్యాంగమునకు నమ్మకముగా ఉండెదనని ప్రమాణము చేయవలెను. రంగూనులో తల్లి సమాధి ఉన్న ఆ బిడ్డకు అది సులువైన సంతకము కాదు. బాప్తిస్మపు నీళ్లలో దిగిన దినమున మనమును అట్టి సంతకమే చేసితిమి. తరువాత ఎన్నిసార్లు రెండు పాస్‌పోర్టులతో తిరిగితిమో పరీక్షించుకొందము.

సంఘ పెద్దలకు ఒక మాట. బేత్లెహేము పెద్దలు సాక్షులైరి. మనము సాక్షులుగా నిలుచుటకు మన రిజిస్టర్లు సరిగా ఉన్నవా? వివాహము జరిపించునప్పుడు పేర్లు పాస్‌పోర్టులోను, బడి సర్టిఫికెట్టులోను ఉన్నట్లు సరిచూచి వ్రాయుడి. ఒక అక్షరము తేడాకు ఒక ఆడబిడ్డ కచేరీల చుట్టు తిరుగవలసి వచ్చును. మరియు మనలో ఎవరును ఆమెను ఇకమీదట "బర్మా కోడలు" అని పిలువకుందుము గాక. మనముకూడ కన్నడ సీమలోను, తమిళ, ఒడియా, మరాఠీ సీమలలోను రెండు మూడు తరములుగా ఉండి, ఇంకను "తెలుగోళ్లు" అని పిలిపించుకొనుచున్నవారమే. ఆ పిలుపులోని దూరము మనకు తెలియును.

వారు నాలుగు నెలలు ఆగిరి. మూడవ నెలలో భర్తకు ఆపరేషను జరిగినది. మన యౌవనస్థులు రక్తమిచ్చిరి. స్త్రీల సమాజమువారు వంతులు వేసికొని రాత్రులు ఆమెయొద్ద కూర్చుండిరి. ప్రభువు అతనిని లేపెను. పండ్రెండు నెలలు నిండిన మరునాడు ముగ్గురము కలిసి నెట్ సెంటరులో ఫారము నింపితిమి. ఆ ప్రయాణము తేదీలు ఆమె తన చేతితోనే టైపు చేసెను. కాగితములు కలెక్టరు కచేరీలో దాఖలైనవి. అక్కడనుండి అవి రాష్ట్ర ప్రభుత్వమునకు, పిమ్మట కేంద్ర ప్రభుత్వమునకు పోవలెను. జవాబు ఇంకను రాలేదు. ఆమె ఎదురుచూచుచున్నది, భయము లేక ఎదురుచూచుచున్నది.

ఆమెకొరకు ప్రార్థించుడి. మన పౌరస్థితి పరలోకమునందున్నదని నమ్మిన మనము, ఈ లోకపు కాగితముల మీదకూడ ఆ రాజ్యపు ప్రజలవలె సంతకము చేయుటకు ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.