ఎదపై లింగము, ఎదపై బరువు



గత శ్రావణమాసమున ఒక సోమవారము సాయంకాలము మన సమాజమునకు చెందిన ఒక తల్లి మా యింటికి వచ్చినది. కూర్చుండుమన్నను కూర్చుండలేదు. చేతిలోని తెల్లని వస్త్రపు ముడిని విప్పి నాకు చూపినది. అందు వెండి లింగకాయ, శివదారము ఉన్నవి. “సార్, మావాడు దీన్ని తీసి మేకుకు తగిలించి బరువులెత్తుతున్నాడు. అందుకే వాడి ఎదమీద ఇనుము పడింది. మీ దగ్గర చదువుకున్నవాడు. మీరైనా చెప్పండి” అని కన్నీరు పెట్టుకొన్నది.

జరిగిన సంగతి ఇది. ఆ కుమారునికి ఇరువదిరెండేండ్లు. దినమునకు రెండు గంటలు వ్యాయామశాలలో గడపును. ఆనాడు తెల్లవారకమునుపే, తోడు ఎవరును లేకుండ పోయి, బల్లపై వెలకిల పరుండి ఎనుబది కిలోలు ఎత్తబోయెను. నాలుగు మారులు ఎత్తెను. ఐదవమారు దండము ఎదపైకి దిగినది గాని మరల లేవలేదు. రెండు కొసలను గట్టిగా బిగించి యుండుటచే ప్రక్కకు ఒరిగించి బిళ్లలను జారవిడుచుటకును వీలు లేకపోయెను. ఊడ్వవచ్చిన ముసలివాడు చూచి కేకవేసి వీధిలోనివారిని పిలుచువరకు ఆ పిల్లవాడు ఆ ఇనుము క్రిందనే ఉండెను. ప్రక్కటెముకలు కమిలినవి. ప్రాణము దక్కినది. ఆసుపత్రికి పోవు తొందరలో లింగము ఆ మేకుకే మిగిలిపోయినది.

లింగమును తీసినందువలన శివుడు ఆగ్రహించెనని ఆ తల్లి విశ్వాసము. నేను దానిని అంగీకరింపలేకపోతిని. బసవేశ్వరుడు ధర్మమునకు దయను మూలముగా నిలిపెను. తన ఒడినుండి జారిన బిడ్డపై ఇనుము పడవేయు దేవుని ఆయన మనకు చూపలేదు. ఆమెతో అంతమాత్రము చెప్పితిని. అయినను లింగము మేకున వ్రేలాడుట నాకును మనస్కరింపలేదు. మరునాడు పిల్లవానిని చూడబోతిని.

వాని గది గోడపై రెండు చిత్రములు ఉన్నవి. ఒకటి వీరఘట్టమున జన్మించి, ఏనుగును ఎదపై నిలుపుకొన్న మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడుగారిది. రెండవది శ్రీకాకుళపు ఆడబిడ్డ కరణం మల్లీశ్వరిది. 2000 సంవత్సరము సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్సున ఆమె స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యపతకమును గెలిచినది. ఒలింపిక్సున పతకము పొందిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. కడపటి ప్రయత్నమున ఆమె 137.5 కిలోలు ఎత్తబోయి ఎత్తలేకపోయినది. అది ఎత్తియుండిన బంగారమే. దేశములో ఎవ్వరును ఆ ఎత్తలేని బరువును చూచి ఆమెను చిన్నబుచ్చలేదు. ఈ మాట నేను చెప్పగా పిల్లవాడు మొదటిసారి తల ఎత్తి నావంక చూచెను.

“ఆమెకు బరువు చేయి జారితే ముందుకు క్రిందపడుతుంది సార్. నాకు ఎక్కడ పడుతుంది?” అనెను.

ఆ మాటలో ఈ వ్యాయామపు మర్మమంతయు ఉన్నది. బెంచ్ ప్రెస్ అని వారు పిలుచు ఈ పద్ధతిలో మనుష్యుడు బల్లకును ఇనుమునకును నడుమ ఉండును. నిలుచుండి ఎత్తు బరువును వదలి వెనుకకు తొలగవచ్చును. ఇందు తొలగుటకు చోటు లేదు. పోటీలలో వాడు దండము ఒక్కటియే 20 కిలోలు, పొడవు ఏడడుగుల పైన. దానికి రెండు కొసల బిళ్లలు తొడుగుదురు. కొక్కెములపైనుండి దానిని చేతులలోనికి తీసికొని, ఎదవరకు దించి, మరల పైకి నెట్టవలెను. ఎదను తాకి దండము కదలక నిలిచిన పిదపగాని న్యాయనిర్ణేత “ప్రెస్” అని ఆజ్ఞ ఇయ్యడు. ఆ క్షణకాలపు నిలకడయే కష్టమందురు. దించిన వేగముతోనే ఎగురవేసినచో చెల్లదు. ముగ్గురు నిర్ణేతలలో ఇద్దరు తెల్లదీపము వెలిగించినగాని గెలుపు కాదు. ఒక్కొక్కనికి మూడే ప్రయత్నములు.

మరి ఈ బలమునకు హద్దు ఎక్కడ? అమెరికా దేశపు జూలియస్ మాడాక్స్ అనునతడు 2021లో ప్రత్యేకమైన బిగువు చొక్కా ఏదియు లేకుండ 355 కిలోలు ఎత్తెను. మూడున్నర క్వింటాళ్ళకు పైన! మన ఇండ్లలో దూలమును ఎత్తుటకు నలుగురిని పిలుతుము. ఆ మహాబలుడే 2020లో 363 కిలోలకు ప్రయత్నించి ఎత్తలేకపోయెను. అంతటివానికిని హద్దు ఉన్నది. అయితే అతని చుట్టును బరువును అందుకొనుటకు మనుష్యులు నిలిచియుండిరి. ఎంత పెద్ద బలవంతుడో అంత ఎక్కువమంది తోడు. మా పిల్లవాని వెనుక ఒక్కడును లేడు. ఎందుకు లేడని అడిగితిని. చాలసేపు పలుకలేదు. చివరకు, “పక్కవాడు చేయి వేస్తే నేను ఎత్తినట్టు కాదు గదా సార్” అనెను.

ఇక లింగము మాట వచ్చినది. వాడు తడుముకొనలేదు. “నులియ చందయ్య లింగం జారి నీళ్ళలో పడినా పని ఆపలేదని మఠంలో మీరే చెప్పారు” అనెను.

చెప్పినమాట నిజమే. కల్యాణపు శరణులలో చందయ్య త్రాళ్ళు పేనువాడు. చెరువులో గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడినను వంగి ఎత్తుకొనక తన కాయకము సాగించెను. లింగమే వెంటపడి వేడుకొనెననియు, మడివాళ మాచయ్య నడుమ నిలిచి నచ్చజెప్పగా, లింగమును కూడ త్రాళ్ళు అమ్ము కాయకము చేయవలెనను ఒప్పందముతో చందయ్య దానిని మరల స్వీకరించెననియు కథ. మేము ఉపన్యాసపీఠముపై ఈ కథను సగము చెప్పి చప్పట్లు అందుకొందుము. విన్న పిల్లలు ఆ సగమునే మనకు తిరిగి యిత్తురు. ఆ సాయంకాలము నాయొద్ద ఉత్తరము లేకపోయెను. ఏమియు పలుకక ఇంటికి వచ్చితిని.

దారిలో ధాన్యపు అంగడి ఉన్నది. హమాలీలు లారీనుండి బస్తాలు దించుచుండిరి. నలుబదియేండ్లుగా ఆ దారిని నడచుచున్నను, ఆనాడు చూచినట్లు ఎన్నడును చూడలేదు. బస్తాను ఏ హమాలీయు తనంతట తాను వీపుపైకి ఎత్తుకొనడు. ఇద్దరు రెండు చెవులు పట్టి లేపి వంగినవాని వీపుపై పెట్టుదురు. అతడు మోసికొనిపోవును. మరుక్షణమున అతడే వచ్చి ఇంకొకనికి పట్టును. “నేను మోసినట్లు కాదు గదా” అని వారిలో ఎవ్వరును అనరు. వెనుక నూరుకిలోల గోనెబస్తాలు ఉండెడివి. నడుములు కుంగిన మనుష్యులను మనమందరము ఎరుగుదుము. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, వయోజనుడైన పురుషుడు చేతులపై మోయు బరువు 55 కిలోలకు మించినచో దానిని తగ్గింపవలెనని సిఫారసు చేసినది. పొట్టకూటికి మోయువానికి హద్దు కావలెనని లోకము తలచుటకు అంతకాలము పట్టినది!

మన శరణులకు ఈ హద్దు పండ్రెండవ శతాబ్దమునందే తెలిసియుండెను. మోళిగె మారయ్య కాశ్మీరదేశపు రాజ్యమును విడిచి కల్యాణమునకు వచ్చి, అడవిలో కట్టెలు కొట్టి మోపు తలపై మోసి అమ్మి జంగమదాసోహము చేసెనని మన పెద్దలు చెప్పుదురు. కిరీటము మోసిన తల కట్టెలమోపు మోసినది. ఆ మోపు ఎన్ని మణుగులో ఏ పురాణమును వ్రాయలేదు. తూచవలెనని ఎవరికిని తోచలేదు కాబోలు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చువాడు. ఒకనాడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ ఎక్కువను ఇంటిలోనికి రానీయక, తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. ఎక్కువ తెచ్చు శక్తి మారయ్యకు లేకపోలేదు. ఆ శక్తి ఎవరికొరకు అను ప్రశ్న లక్కమ్మ వేసినది.

చందయ్య కథలోని నేను విడిచిన సగము నాకు అప్పుడు తెలిసినది. చందయ్య గడ్డి తనకొరకు కోయుటలేదు. ఆ త్రాటి వెలతో జంగములు భుజింపవలెను. అతని చేయి ఆగినచో వారి ఆకలి ఆగదు. అందుచేత ఆగలేదు. పైగా కథ లింగమును చెరువులో విడిచిపెట్టి ముగియలేదు. లింగమును పనిలోనికి తెచ్చి ముగిసినది. మా పిల్లవాడు లింగమును పనినుండి తప్పించెను. వెనుక నిలువవలసిన స్నేహితునిని కూడ అట్లే తప్పించెను. ఆ రెండును ఒకే తప్పిదమని నాకు తోచినది. బరువునకును తనకును నడుమ ఇంకెవరును ఉండరాదని వాని కోరిక. దేవుడును ఉండరాదు, పొరుగువాడును ఉండరాదు.

ఇంత తోచినను, దీనినే పోయి వానికి చెప్పుటకు మనసొప్పలేదు. ఎముకలు కమిలిన పిల్లవానికి అంత వేదాంతము ఎందుకు? వానికి మూడు మాటలు మాత్రమే చెప్పితిని. మొదటిది, కొక్కెముల ఎత్తును, చేతిపట్టును నేర్పు పెద్ద లేనిచో, వెనుక మనిషి లేనిచో, బల్లపై పరుండవలదని. బొటనవ్రేలు దండము చుట్టు పోనీయక పట్టువారు కొందరున్నారట. అది జారి మెడపై పడును. రెండవది, బలము ఎత్తునపుడు పెరుగదు, విశ్రాంతియందు పెరుగును. మొదటి వారములలో బరువు వేగముగా పెరుగుట కండ పెరిగినందువలన కంటె నాడులు కండను పిలుచుట నేర్చుటవలన ఎక్కువ. అది చూచి ప్రతిదినము అట్లే పెరుగునని తలచినవాడు మోసపోవును. ఇది నా మాట కాదు, వ్యాయామశాస్త్రము నేర్చిన మా పాఠశాల డ్రిల్లు మాస్టరుగారి మాట.

మూడవది లింగమును గూర్చి. ఈ ప్రశ్న ఇతర కుటుంబములలోను వచ్చుచున్నది గనుక ఇచ్చట వ్రాయుచున్నాను. లింగధారణకు ఎదయొక్కటియే స్థానము కాదు. శిరస్సు, కంఠము, కక్షము, వక్షము, ఉదరము, హస్తము అను స్థానములను సిద్ధాంతశిఖామణి చెప్పినది. నాభికి దిగువ మాత్రము కూడదు. బెంచ్ ప్రెస్ చేయునపుడు దండము ఎదపైకి దిగును. కనుక ఆ సమయమున లింగమును మెత్తని వస్త్రమున చుట్టి, నాభికి పైన ఉదరముపై కట్టుకొనిన ఇనుమునకు తగులదు. మేకు అవసరము లేదు. మఠములలోని పెద్దలు ఇంతకంటె మేలైన పద్ధతి చెప్పినచో సంతోషముతో స్వీకరింతును. ఇంతకాలము మన పిల్లలకు “తీయరాదు” అని మాత్రము చెప్పితిమి. తీయకుండ ఎట్లు చేయవలెనో చెప్పలేదు. ఆ లోపము పిల్లలది కాదు.

వాడు అన్నియు విని, “మరి వెనక ఎవరు నిలబడతారు సార్? నా స్నేహితుడితో నేను మాట్లాడటం లేదు” అనెను. మూడు నెలల క్రితము ఆ స్నేహితుడు వీనికంటె ఐదు కిలోలు ఎక్కువ ఎత్తెనట. అప్పటినుండి మాటలు లేవు.

కార్తికమాసమున వైద్యుడు అనుమతించిన పిదప వాడు మరల మొదలుపెట్టినాడు. మొదటిదినము నన్ను పిలిచినాడు. ఆ వ్యాయామశాలలో పంచెకట్టుతో ఉన్నవాడను నేనొక్కడనే. పిల్లలు నవ్వుకొనిరి. వాడు ఉదరముపై వస్త్రమును సరిచూచుకొని, విభూతి తుడుచుకొనక, బల్లపై పరుండెను. దండముతో కలిపి నలుబది కిలోలు మాత్రమే. నేను వాని తలవైపున నిలిచి, తాకకుండ రెండు చేతులు క్రింద ఉంచితిని. ఒకటి, రెండు, మూడు అని లెక్కించితిని. ఎనిమిది వరకు తేలికగా ఎత్తెను. తొమ్మిదవమారు దండము సగములో నిలిచిపోయెను. పైకి పోదు, క్రిందికి రాదు. చేతులు వణకుచున్నవి. నేను తొందరపడి పట్టుకొనలేదు. వాని ముఖమును చూచుచుంటిని.

“సార్, పట్టుకోండి” అనెను.

పట్టుకొంటిని. నా వయసునకు నలుబది కిలోలు ఎట్లని భయపడితిని గాని, రెండేసి వ్రేళ్ళతో లేపదగినంత బరువే నా చేతికి తెలిసినది. దండము పైకి పోయి కొక్కెములలో కూర్చుండెను. వాడు లేచి కూర్చుండి, కట్టుకొన్న వస్త్రమును తడిమి చూచుకొని, “ఇంకొక వరుస ఉంది సార్, నిలబడండి” అనెను. ఆ ప్రక్క బల్లయొద్ద ఇంకొక పిల్లవాడు తన బరువును ఆపి మమ్ములను చూచుచుండెను. ఆ ఐదు కిలోల స్నేహితుడు అతడేనని తరువాత తెలిసినది. ఆ రెండవ వరుసకు అతడును వచ్చి నా ప్రక్కన నిలిచినాడు.