కాకులు లేని ప్రమాణం

1997 డిసెంబరు 11. క్యోటో నగరానికి ఉత్తరాన, తకరగైకే చెరువు పక్కనున్న అంతర్జాతీయ సమావేశ మందిరం. ముందురోజే ముగియాల్సిన చర్చలు బేరం తెగక తెల్లవార్లూ సాగాయి. అధ్యక్షత వహించిన అర్జెంటీనా దౌత్యవేత్త రౌల్ ఎస్ట్రాడా నిద్రలేని ప్రతినిధుల ముందు ఒక్కో నిబంధననూ సుత్తి దెబ్బతో ఖాయం చేశారు. 2008-2012 మధ్య గ్రీన్‌హౌస్ వాయువులను 1990 నాటి స్థాయికన్నా కనీసం 5 శాతం తగ్గిస్తామని సంపన్న దేశాలు మాటిచ్చాయి.

ఆ మాటకు సాక్షి ఎవరు?

పాతకాలపు జపానులో దీనికి తడుముకోకుండా జవాబు చెప్పేవారు. కుమనో క్షేత్రాల్లో ఇచ్చే రక్షాపత్రం మీద అక్షరాలన్నీ కాకుల బొమ్మలే. ఆ కాగితం వెనకవైపు ప్రమాణం రాసేవారు. మాట తప్పితే కుమనోలో ఒక కాకి చచ్చిపోతుందని, తప్పినవాడు నెత్తురు కక్కుకుంటాడని నమ్మకం. నలుగురూ ఒక్క మాట మీద నిలవాల్సి వస్తే ప్రమాణపత్రాన్ని కాల్చి, బూడిదను నీళ్లలో కలిపి తలా ఒక గుక్క తాగేవారు. ఇచ్చిన మాట కడుపులోకి దిగేది.

1966లో తెరిచిన ఈ సమావేశ మందిరానికి ఆ వసతి లేదు. వాస్తుశిల్పి సచియో ఒతాని గోడలనూ స్తంభాలనూ ఏటవాలుగా నిలబెట్టాడు. చూసినవాళ్లకు పాత దేవాలయాల పైకప్పులు గుర్తొస్తాయి. లోపల మాత్రం దేవుడు లేడు. ప్రభుత్వాన్నీ మతాన్నీ వేరుచేసిన 1947 నాటి రాజ్యాంగం కింద ప్రభుత్వం కట్టించిన భవనమిది.

దేవుళ్లను నమ్మేవాళ్లు వచ్చినప్పుడూ చిక్కు తీరలేదు. 1970 అక్టోబరులో ప్రపంచ మతాల శాంతి మహాసభ మొదటిసారి ఇక్కడే జరిగింది. బౌద్ధులు, క్రైస్తవులు, ముస్లింలు, హిందువులు, షింతో అర్చకులు కూర్చున్న చోట ఎవరి దేవుడి మీద ఒట్టు పెట్టాలి? వాళ్లు నిరాయుధీకరణ, అభివృద్ధి, మానవ హక్కుల గురించి మాట్లాడుకున్నారు. ఢిల్లీ ఆర్చిబిషప్ ఏంజెలో ఫెర్నాండెస్‌ను సంస్థకు అధ్యక్షుడిగా పెట్టుకున్నారు. 2006లో మళ్లీ క్యోటోలోనే కలిశారు. ఒకరికొకరు సాక్షులన్నమాట.

భయంతో నిలబెట్టుకున్న మాట మాటే కాదని, అది నెత్తురు కక్కుతామన్న బెదురేనని వాదించొచ్చు. క్యోటో ఒప్పందం ఆ భయం స్థానంలో లెక్కను పెట్టింది. ఏ దేశం ఎంత వాయువు వదిలిందో ఏటా చెప్పాలి, నిపుణులు దాన్ని సరిచూడాలి. కానీ లెక్క చెప్పనంటూ లేచిపోయేవాణ్ని ఆపే శక్తి లెక్కకు లేదు. అమెరికా 1998లో సంతకం చేసింది, చట్టసభ ఆమోదం మాత్రం తీసుకోలేదు. 2012లో కెనడా బయటికి నడిచింది. ఎక్కడా కాకి చావలేదు. పైగా మాట ఎవరికోసం ఇచ్చారో వాళ్లలో చాలామంది అప్పటికి పుట్టనేలేదు. వచ్చి అడిగేదెవరు?

జపాను తన వంతుకు వచ్చిన 6 శాతం కోతను అడవుల లెక్కతో, బయట కొన్న కర్బన క్రెడిట్లతో కలిపి పూర్తిచేసింది. 2012 తర్వాతి రెండో విడత లక్ష్యానికి మాత్రం కట్టుబడనంది. కుమనోలో కాకుల కాగితం ఇప్పటికీ దొరుకుతుంది. జనం దాన్ని కొనుక్కెళ్లి, నిప్పూ దొంగలూ దరిచేరకుండా ఇంట్లో అతికించుకుంటారు.